అయినా

ఆమె పేరు ఐనో.
మా అవ్వ మొదటిరోజే నిలదీసింది:
"అయినా అనేది పేరేందిమే,
మాటకు మొదలు గదా అది!
అయినా అంటే... తర్వాత?"
తర్వాత ఏమీ లేదవ్వా, అంతే పేరు.
అవ్వ నమ్మలేదు.
మిగతాది ఎక్కడో దాచిపెట్టుకోనుందని అనుకునింది.

ఆగస్టులో దిగింది, కాట్పాడి స్టేషన్లో,
మా నాయన కంటే జానెడు పొడుగు.
పది నెలలు మాతోనే ఉంటుందంట.
మా బళ్లో, నా బెంచీలో, నా మంచంలో సగం.
నన్నెవురూ అడగలేదు.

పెట్టెలో సగం నల్లరొట్టెలు,
సందుల్లో కుక్కిన నల్లటి ఉప్పుమిఠాయి.
నాయన నోట్లో ఏసుకొని వాకిట్లోకి పరిగెత్తినాడు.
అవ్వ మాత్రం బుగ్గన పెట్టుకొని చానాసేపు ఆలోచించి
"కరక్కాయకు చెల్లెలు" అనింది.
ఆ రాత్రే అది వక్కాకు సంచిలోకి చేరింది.

గాంధీరోడ్డు టైలరు దామోదరం
యూనిఫాం రెండుసార్లు విప్పి కుట్టి
"ఈ పాపకు ముక్క చాలదు, తాను కావాల" అన్నాడు.
పొద్దున ప్రతిజ్ఞ చదివేటప్పుడు
'నా' అని వచ్చినచోటల్లా నోరు మూసుకునేది,
మిగతాదంతా మాతోపాటు చదివేది.
అంత చిన్న మాటను
అంత మర్యాదగా దాటినోళ్లను నేను చూడలేదు.

దసరా సెలవలకు ముందురోజు
బోర్డు మీద వంకరగా ఒక ళ రాసింది.
క్లాసంతా చప్పట్లు.
తెలుగు మేడం కళ్లజోడు తీసి తుడుచుకునింది.
పదహైదేళ్లుగా మాట్లాడతా ఉండా నేను,
ళ కూడా రాస్తానే ఉండా,
ఒక్కరన్నా కొట్టినారా?

ఆ సాయంత్రం ముందు ముందు నడిచినాను.
ఎనక ఆమె చెప్పులు టపటప,
సందు తెలీక ఆగి, మళ్లీ టపటప.
తిరిగి చూడలేదు.
కొంగారెడ్డిపల్లి మలుపులో
చప్పుడు ఆగిపోయింది.

మసకచీకటిదాకా వెతికితే
నీవాలో దొరికింది.
నీవా మా ఏరు. పేరుకే ఏరు.
ఇసుక, కంపచెట్లు, రెండు పందులు,
ఎవురో పారేసిన ప్లాస్టిక్ కుర్చీ.
ఆ కుర్చీలో కూచోనుంది, చెప్పులు ఒళ్లో పెట్టుకొని.
తిట్టాలనే పోయినాను.
"ఈ చోటు పేరేంది?" అనింది.
"నీవా."
"నేనే" అనింది,
పుస్తకంలో నేర్చుకున్న జవాబు, ఒక్క తప్పు లేకుండా.

నవ్వు ఆపుకోలేక ఇసకలో కూలబడినాను.
ఎందుకో తెలీకుండానే ఆమె కూడా.

"మా కెమిలో చలికాలం ఏటిమీద నడుస్తాం" అనింది,
సగం తెలుగు, సగం చేతులు.
"మేం ఏడాదంతా నడుస్తాం" అన్నాను.
గొప్పకే అన్నాను.
ఇంటికొచ్చేదాకా ఆ మాట
చెప్పులోకి దూరిన రాయి మాదిరి గుచ్చతానే ఉండింది.

జూన్లో పోయింది.
ఫ్యాక్టరీ గేటునుంచి మురకంబట్టు దాకా
తోతాపురి ట్రాక్టర్లు నిలబడిపోయి
మా కారు కదల్లేదు గంటసేపు.
ఆ గంటలో మాట్లాడుకోవాల్సింది శానా ఉండింది.
ఇద్దరం లోడు మీది కాయలు లెక్కబెట్టినాం.
నూటముప్పై దగ్గర దారి దొరికింది.

ఇప్పుడు అవ్వ ఏదో చెప్పబోతా
"అయినా..." అంటాది,
అని వాకిలి వైపు చూస్తాది.
ఏం చెప్పాలనుకునిందో మర్చిపోతాది.
మంచం అంతా నాదే.
ఒక పక్కనే పండుకుంటా ఉండా.

నవంబరు తుపానుకు నీవా వచ్చింది.
ఎర్రగా, కుర్చీనీ కంపల్నీ ఈడ్చుకుంటా.
వంతెన మీద ఊరంతా నిలబడింది.
ఫోటో పంపినాను:
"ఏరొచ్చింది. నడిచేదానికి లేదు."

కొంచేపటికి జవాబు.
కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి:
"మాకింకా గడ్డకట్టలేదు. ఇక్కడా నీళ్ళే."
ళ ఇంకా వంకరే.
వంతెన మీద ఒక్కదాన్నే
చప్పట్లు కొట్టినాను.
పక్కనున్న ముసలాయన
ఏటికి కొడతాండానని అనుకొని
తానూ కొట్టినాడు.